పీహెచ్‌క్యూ-9 మెడికోల దగ్గర పారదు: ఏడాదిన్నర ఆన్‌లైన్ కౌన్సెలింగ్ వాడాక

యాప్‌లో స్లాట్ ఎలా బుక్ చేయాలో అందరికీ తెలుసు, అది వదిలేద్దాం. కాలేజీ డబ్బు కట్టి ఇప్పించిన ఈ ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌ను ఫైనలియర్ నుంచి హౌస్‌సర్జన్సీ దాకా వాడాక, నా కోపమంతా ఒక్కదాని మీదే: ప్రతి సెషన్ ముందూ నింపించే పీహెచ్‌క్యూ-9, అంటే డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం.

ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 27. బయటివాళ్లకు మంచి సాధనమే. మెడికోకి మాత్రం సైకియాట్రీ పోస్టింగ్‌లోనే కంఠతా వచ్చేస్తుంది. 10కి చేరితే ‘మోడరేట్’ (ఒక మోస్తరు డిప్రెషన్) అనీ, తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి అనీ తెలిసిన వేలు ఆ గడి దగ్గర తటపటాయిస్తుంది. 2 నొక్కాల్సిన చోట 1, 1 నొక్కాల్సిన చోట 0. స్కోరు 8కి దిగగానే తెర మీద పచ్చ గీత, తర్వాతి అపాయింట్‌మెంట్ మూడు వారాల అవతలికి. మనిషి మాత్రం ఇంకా మంచం దిగలేదు.

దీనికి రెండో వైపూ ఉంది. నిద్ర, నీరసం, ఆకలి మూడూ వేర్వేరు ప్రశ్నలు. వరసగా క్యాజువాలిటీ నైట్లు పడితే డిప్రెషన్ లేనివాళ్లకి కూడా ఈ మూడింట్లోనే 9 దాకా వస్తుంది. ఇంకొక్క మార్కు చాలు, 10కి చేరిపోతారు. జబ్బు ఏదో, డ్యూటీ అలసట ఏదో ఫారం ఒక్కటే తేల్చలేదు. 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ సర్వేలో 16.2 శాతం ఎంబీబీఎస్ విద్యార్థులు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. అలాంటి చోట తొమ్మిదో ప్రశ్నను గడికి వదిలేయడం నాకు మింగుడుపడదు.

దీన్ని సరిచేసింది ఒక కౌన్సెలర్. ‘ఫారం పక్కన పెట్టండి’ అని, ‘నిన్న మెస్‌లో రెండు పూటలా ఏం తిన్నారు? తలస్నానం చేసి ఎన్నాళ్లయింది? ఇంటి నుంచి వచ్చిన ఫోన్లు ఎన్ని ఎత్తలేదు?’ అని అడిగారు. వీటికి కటాఫ్ లేదు కనుక లెక్క చూసుకుని చెప్పడానికి వీల్లేదు. తొమ్మిదో ప్రశ్నా నోటితోనే, సూటిగా అడిగారు. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందన్నది అపోహే. తర్వాత కౌన్సెలర్‌ని మార్చేస్తే ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది, అందుకే ఒకే మనిషిని ఇవ్వమని మొదట్లోనే పట్టుబట్టండి.

రూమ్‌మేట్ల చెవిన పడదని చాట్ సెషనే మేలని జూనియర్లకి చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ‘బాగానే ఉన్నా’ అని టైప్ చేస్తే గొంతు వణికినట్టు అవతలివాళ్లకి తెలియదు. హాస్టల్ టెర్రస్ మీద ఇయర్‌ఫోన్లతో ఆడియో నయం. రాత్రి తొమ్మిది దాటితే మా హాస్టల్ వైఫై కదలదు, మొబైల్ డేటా వాడండి. లాగిన్‌కి కాలేజీ మెయిల్ కాకుండా సొంత మెయిల్ ఇవ్వండి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇస్తోంది, అయినా కాలేజీకి వెళ్లే రిపోర్టులో ఏం ఉంటుందో ముందే రాతపూర్వకంగా అడగండి.

మందు రాస్తే ఒక జాగ్రత్త. డిప్రెషన్‌కి మామూలుగా రాసే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వికారం మాత్రం ముందే వస్తుంది. పాతికేళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. యాప్ నెలకి ఫాలోఅప్ ఇచ్చింది, అది చాలదు, వారానికే అడగండి. పీజీ స్నేహితుడిచ్చిన శాంపిల్ స్ట్రిప్‌తో మొదలుపెట్టొద్దు, పరీక్షలని చెప్పి మధ్యలో ఆపొద్దు.

ఒక మోస్తరు డిప్రెషన్‌కి, ఇంటికి దూరంగా హాస్టల్లో ఉన్నవాళ్లకి, ఒకే కౌన్సెలర్ దొరికితే వాడమనే చెబుతాను. సొంత డబ్బుతో అయితే కొనేవాణ్ణో లేదో. తొమ్మిదో ప్రశ్నకి నిజమైన జవాబు 0 కానప్పుడు మాత్రం యాప్ స్లాట్ కోసం ఆగొద్దు. సొంత కాలేజీ సైకియాట్రీ ఓపీకి మొహమాటమైతే ఇంకో ఆసుపత్రికి వెళ్లండి. రాత్రయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.