పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంటే సంత్రానా, బత్తాయా?

మహారాష్ట్రలోని మా చంద్రాపూర్, బల్లార్పూర్, సిరొంచ వైపు సంత్రా అంటే చేత్తో ఒలుచుకునే వదులు తొక్క పండు. కోస్తావాళ్లకు అదే కమలా. బత్తాయిని ఇక్కడి బజారులో మోసంబి అంటారు, సీమలో చీని. నర్సరీకి వెళ్లి ఊరికే ‘నారింజ’ అంటే పులిహోరలో పిండుకునే పుల్లటిది చేతిలో పెట్టినా పెడతారు. అందుకే రకం పేరు చెప్పి అడగండి: నాగపూర్ సంత్రా, లేదా సాత్‌గుడి బత్తాయి.

తినడానికైతే సంత్రాకు సాటి లేదు. పదీ పదకొండు తొనలు, ఆరేడు గింజలు, తీపితో పాటు కాస్త పులుపు. చిక్కల్లా కోతలోనే. పండాక చెట్టు మీదే వదిలేస్తే తొక్క ఉబ్బిపోతుంది. వేలితో నొక్కితే లొత్తపడుతుందే తప్ప తొన తగలదు. లోపల రసం తగ్గిపోతుంది. బత్తాయికి గింజలెక్కువ, ఒలవడం కష్టం, రసానికే బాగుంటుంది. కానీ కోయడం ఆలస్యమైనా అంత త్వరగా చెడదు, కోశాకా ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఊళ్లో ఉండి వేళకు కోసే మనిషి లేని ఇంటికి బత్తాయే నయం.

రకం కన్నా ముందు చూడాల్సింది నేల. నల్లరేగడిలో వానాకాలం నీళ్లు నిలిస్తే రెండూ బంక తెగులుతో పోతాయి. మొదలు దగ్గర బెరడు చీలి, తేనె రంగు జిగురు కారుతుంది. విదర్భలో సంత్రా తోటలకు పేరున్న వరుడ్ వైపు అంట్లు ఎక్కువగా జంబేరి అనే ముళ్ల నిమ్మజాతి మొక్క మీద కట్టినవే. రేగడికి అవి కాకుండా, రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటు అడిగి తెచ్చుకోండి. అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ వేసి, అంటు కట్టు నేలకు జానెడు పైన ఉండేలా నాటాలి. పాదు మొదలుకు ఆనకుండా రింగులా తీసి, నీళ్లు ఆ రింగులోనే పోయాలి.

వానలకు ముందోసారి, తర్వాతోసారి మొదలుకు బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో కరిగించి, ప్లాస్టిక్ బకెట్‌లో కలపండి. చాకు ముంచి నిమిషం ఉంచితే ఎర్రగా రాగి పట్టిందా, సున్నం చాలలేదన్నమాట.

ఈ ప్రాంతపు చలి సంత్రాకు కలిసొస్తుంది. డిసెంబరులో నీళ్లు ఆపి, ఆకులు కాస్త వాడాక జనవరిలో మళ్లీ పెడితే అంబియా పూత (చలికాలం చివర్లో వచ్చే పూత) వస్తుంది, కాయ నవంబరు, డిసెంబరుల్లో దిగుతుంది. అయితే మే ఎండకు పిందె రాలుతుంది. పాదులో ఎండుగడ్డి మందంగా పరిచి, నీళ్లు ఒకేసారి ముంచెత్తకుండా కొద్దికొద్దిగా ఇవ్వాలి. మొదటి మూడేళ్లు వచ్చిన పిందెను గిల్లేయడమే మంచిది, మనసొప్పకపోయినా సరే. అంటు కట్టు కింద ముళ్లతో లేచే చిగుళ్లనూ వెంటనే తుంచండి. అవి జంబేరివో రంగపూర్ నిమ్మవో, మీరు కొన్న రకానివి మాత్రం కావు.

సెప్టెంబరు, అక్టోబరు రాత్రుల్లో రసం పీల్చే రెక్కల పురుగు రెండింటినీ పొడుస్తుంది. సూది మొనంత రంధ్రం, చుట్టూ మెత్తబడిన మచ్చ, రెండు రోజుల్లో కాయ కింద. దాని పిల్లపురుగు పెరిగేది తిప్పతీగ మీద. కంచె మీద మందుకని పెంచుకున్న తిప్పతీగ ఉంటే ముందు దాన్ని తీసేసి, కాయలకు కాగితపు సంచులు కట్టండి.