తిరిగొచ్చిన మోడ్‌కు పాత రోల్ వెంటనే ఇవ్వాలా, జోడీ కట్టాలా?

మే నెల వచ్చిందంటే వరంగల్, కరీంనగర్ వైపు డిస్కార్డ్ యాప్‌లో గేమింగ్ సర్వర్లు (ఆడేవాళ్లు చాట్ చేసుకునే గ్రూపులు) నడిపేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. సెమిస్టర్ పరీక్షలు అయిపోతాయి, ప్లేస్‌మెంట్ టెన్షన్ తీరుతుంది, పాత మోడ్‌లు, అంటే గ్రూపులో గొడవలు, తప్పుడు పోస్టులు చూసుకునే మోడరేటర్లు, ఒక్కొక్కరే తిరిగొస్తారు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లు, జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లి అక్కడి డ్యూటీకి అలవాటు పడ్డవాళ్లు కూడా 'అన్నా, మళ్ల నేను చూస్కుంట' అని మెసేజ్ పెడతారు. పైసా రాని పనికి ఒక మనిషి తనంతట తాను తిరిగి రావడం మామూలు సంగతి కాదు. అందుకే వాళ్లను ఎలా తీసుకోవాలో కాస్త ఆలోచించాలి. పాత రోల్ (మోడ్‌కుండే అధికారాలు) వెంటనే ఇచ్చేయాలా, కొత్తవాళ్లతో పాటు ట్రైనింగ్‌లో కూర్చోబెట్టాలా, ఇప్పుడు పనిచేస్తున్న మోడ్ ఒకరితో కొన్నాళ్లు జోడీ కట్టాలా?

నెలా రెండు నెలల గ్యాప్ అయితే వెంటనే ఇచ్చేయండి. పరీక్షలు రాసి వచ్చినవాడికి మనం ఇంకో పరీక్ష పెడితే నొచ్చుకుంటాడు, అందులో తప్పు లేదు.

గ్యాప్ ఏళ్లలోకి వెళ్తే మాత్రం లెక్క మారుతుంది. 2021 జులైలో బీజీఎంఐ (పబ్జీ మొబైల్ గేమ్‌కు ఇండియా వెర్షన్) వచ్చిన కొత్తలో మోడ్‌గా ఉండి, ఆ దసరాకల్లా మానేసిన మనిషిని తీసుకోండి. డిస్కార్డ్‌లో టైమౌట్ (కొంతకాలం మాట్లాడకుండా ఆపడం) వచ్చింది 2021 డిసెంబర్‌లో, ఆటోమోడ్ (తప్పుడు మెసేజ్‌లను తనంతట తానే ఆపేది) వచ్చింది 2022లో. ఆయన కాలంలో చేతిలో ఉన్నవి మ్యూట్ రోల్ (మాట్లాడనివ్వకపోవడం), కిక్ (సర్వర్ నుంచి బయటికి పంపడం), బ్యాన్ (మళ్లీ రాకుండా ఆపడం), అంతే. 2022 జులైలో గేమే స్టోర్ల నుంచి పోయి, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఆ మధ్యలో పాత స్క్వాడ్‌లు చెదిరిపోయాయి, కొత్త పిల్లలు చేరారు.

చట్టం కూడా మారింది. తెలంగాణలో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీకి 2017 నుంచే నిషేధం ఉంది కాబట్టి, రమ్మీ లింక్ కనపడితే తీసేయాలని పాత మోడ్‌కు తెలుసు. కానీ 'ఎంట్రీ యాభై, గెలిచినోళ్లకు ఐదొందలు' అనే కస్టమ్ రూమ్ (సొంతంగా పెట్టుకునే మ్యాచ్) పోస్టులు అప్పట్లో రోజూ కనిపించేవి, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం గెలుస్తామన్న ఆశతో డబ్బు కట్టి ఆడేది నైపుణ్యం ఆటైనా, అదృష్టం ఆటైనా ఒకటే, రెండూ మనీ గేమ్‌లే. గుర్తింపు, రిజిస్ట్రేషన్ ఉన్న ఈ-స్పోర్ట్స్‌ను చట్టం వేరుగా చూస్తుంది. మన పిల్లలు ఫోన్‌పే చేసుకుని ఆడే రూమ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఇది తెలియని మోడ్ అలాంటి పోస్ట్‌ను మంచి మనసుతోనే వదిలేస్తాడు, చిక్కు సర్వర్ మొత్తానికి వస్తుంది.

మరి ట్రైనింగ్‌లో కూర్చోబెడితే సరిపోతుంది కదా అంటారు. రూల్స్ వరకు సరిపోతుంది. పైన చెప్పినవన్నీ ఒక్క గంటలో చెప్పేయొచ్చు, రెండు పేజీలు రాసి పంపినా చాలు. అయితే పాత మోడ్‌కు వాటిలో చాలావరకు తెలిసినవే. నిన్నగాక మొన్న చేరిన పిల్లల పక్కన కూర్చుని 'స్పామ్ అంటే ఏమిటి' దగ్గర నుంచి వినాలంటే ఎవరికైనా విసుగే. రెండో క్లాసుకు రాడు, మనం ఒక మంచి మనిషిని పోగొట్టుకుంటాం.

నా దృష్టిలో తేల్చేది రూల్స్ కాదు, మనుషులు. ఎవరు ఎవరితో ఎలా మాట్లాడతారు, ఎవరి మధ్య పాత పగ ఉంది, ఎవరు కొత్తగా వచ్చి బిక్కుబిక్కుమంటూ ఉన్నారు, ఇదంతా ఏ పేజీలోనూ ఉండదు. శనివారం రాత్రి పదకొండు దాటాక వాయిస్ చాట్‌లో ఓడిపోయిన స్క్వాడ్ వాళ్లిద్దరు ఒకరినొకరు పచ్చి తిట్లు తిట్టుకుంటున్నారనుకోండి. తిరిగొచ్చిన మోడ్ చెయ్యి నేరుగా బ్యాన్ మీదికే పోతుంది. జోడీగా ఉన్న చిన్న మోడ్ అప్పుడే టైప్ చేస్తాడు: 'అన్నా, జర ఆగు. గాళ్లిద్దరు గోదావరిఖనిల ఒక్క కాలనీ వాళ్లే, రోజు గిట్లనే మాట్లాడుకుంటరు. మూడో పిలగాడు మైక్ బంద్ చేసిండు సూడు, గాయన్ని అడుగుదాం.' అడిగితే తేలుతుంది: ఆ మూడో పిల్లవాడు పోయిన నెలలో చేరాడు, వేరే ఎవరో వారం రోజులుగా డీఎమ్‌లో (నేరుగా పంపే మెసేజ్‌లలో) వాణ్ణి సతాయిస్తున్నారు. వాయిస్‌లో వినపడిన గొడవను చూసి తీర్పు చెబితే ఈ పిల్లవాడు చెప్పకుండా సర్వర్ వదిలి వెళ్లిపోయేవాడు.

అందుకే నా ఓటు జోడీకే. ఎవరితో కట్టాలన్నది ముఖ్యం. చాలామంది అడ్మిన్‌లు పాత దోస్తుతోనే కడతారు. ఆయన వెళ్లాక చేరిన మోడ్‌తో కట్టండి, ఇప్పటి జనం ఆ మోడ్‌కే బాగా తెలుసు. వయసులో చిన్నవాడైతే ముందే ఇద్దరికీ వేర్వేరుగా చెప్పండి. పెద్దాయనతో 'తమ్ముడు నీకు పని నేర్పడు, మనుషుల్ని పరిచయం చేస్తడు' అని, చిన్నోడితో 'అన్న అడిగిందానికి ఓపికగా చెప్పు, తప్పుంటే చాట్‌లో అందరి ముందు అనకు' అని. ఈ రెండు మాటలు చెప్పకపోతే ఎంత మంచి జోడీ అయినా వారంలో చెడుతుంది.

మొదటి రెండు మూడు రోజులు ఇద్దరూ కలిసి ఆడిట్ లాగ్ (సర్వర్‌లో ఎవరు ఏ చర్య తీసుకున్నారో ఉండే చిట్టా) చదవాలి. అందులో 45 రోజుల వరకే ఉంటుంది, అంతకు ముందువి కావాలంటే మీ మోడ్ నోట్స్ చూడాల్సిందే. ఆ తర్వాత తిరిగొచ్చినవారికి టైమౌట్ మాత్రమే చేయగలిగే రోల్ ఇవ్వండి, బ్యాన్ వద్దు. టైమౌట్ గరిష్ఠంగా 28 రోజులు, ఎప్పుడైనా ఎత్తేయొచ్చు. బ్యాన్ కూడా ఎత్తేయొచ్చు కానీ, దాంతో పాటు ఏడు రోజుల మెసేజ్‌లు చెరిపేసి ఉంటే అవి మళ్లీ రావు. ఏ చర్యకైనా ముందు 'నేనైతే ఇలా చేస్తా' అని జోడీకి ఒక్క ముక్క రాయాలి. వరసగా నాలుగైదు సార్లు ఇద్దరి మాట కలిసిందంటే జోడీ విప్పేసి పూర్తి రోల్ ఇచ్చేయొచ్చు. మామూలుగా రెండు వారాలు చాలు.

దీనికి ఖర్చు లేకపోలేదు. ఉన్న మోడ్‌కు పని రెట్టింపవుతుంది, కాబట్టి ఒకరికి ఇద్దరిని అంటగట్టొద్దు. టైమ్ కూడా కలవాలి. దుబాయ్‌లో ఉన్నవారికి మనకంటే గంటన్నర వెనక, దాన్ని సర్దుకోవచ్చు. సింగరేణిలో వారం వారం షిఫ్ట్ మారేవారితో కష్టం, వాళ్లకు జోడీని కూడా వారం వారం మార్చాల్సి వస్తుంది.

గూగుల్ ఫామ్‌లో టెస్ట్ పెట్టి రోల్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. జవాబులు గ్రూప్‌లో తిరుగుతాయి, దాని గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. పేరుకు 'సీనియర్' రోల్ ఇచ్చి పవర్స్ ఇవ్వకపోవడం ఇంకో పద్ధతి, టైమ్ లేకపోయినా మనతో ఉండాలనుకునేవాళ్లకు అది చక్కగా సరిపోతుంది.

ఒకేసారి ముగ్గురు నలుగురు వస్తే అందరికీ జోడీలు దొరకవు. అప్పుడు శని, ఆదివారాల రాత్రి కూర్చోగలిగినవారిని ముందు తీసుకోండి, మిగతావారికి ఎప్పుడు పిలుస్తారో తేదీ చెప్పండి.