హేవ్‌లాకా, నీలా?

మన శ్రీకాకుళం జిల్లా వాళ్ల బంధువులు పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) చాలామందే ఉన్నారు కాబట్టి అండమాన్ అనగానే అక్కడి దాకా టెన్షన్ ఉండదు, అక్కడి నుంచి హేవ్‌లాక్, నీల్ దీవుల్లో దేనికి పడవ ఎక్కాలన్నదే ప్రశ్న. రెండింటి పేర్లూ 2018లో మారాయి: హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ ఇప్పుడు షహీద్ ద్వీప్.

హేవ్‌లాక్ పెద్దది, సందడీ ఎక్కువే. కళింగపట్నంలో, బారువలో సూర్యుడు సముద్రంలోంచి రావడమే చూసిన మనకి, పడమటి వైపు ఉన్న రాధానగర్ బీచ్‌లో అదే సూర్యుడు నీళ్లలోకి దిగిపోవడం చూడటం నిజంగా వేరే అనుభవం. స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్‌తో సముద్రం లోపలికి దిగడం) నేర్పేవాళ్లూ, గదులూ, తిండీ అన్నీ దొరుకుతాయి, సీజన్‌లో జేబు మాత్రం బాగానే తేలికవుతుంది. పగడాలు చూడాలంటే ఎలిఫెంట్ బీచ్.

నీల్ బాగా చిన్నది, స్కూటర్ మీద ఒక్క రోజులో చుట్టేయొచ్చు. రోడ్డు పక్కన కూరగాయల మళ్లు, కొబ్బరి తోటలు, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని రామాయణం పేర్లు (ఊళ్లలో ఎక్కువమంది బెంగాలీలే). సముద్రం కోసిన రాతి వంతెన దగ్గరికి పాటు సమయంలోనే (నీరు వెనక్కి తగ్గినప్పుడు) వెళ్లాలి, పోటు మీద ఉంటే దారి మునిగిపోతుంది, ముందే అడిగి వెళ్లండి.

డైవింగ్ చేయాలనుకునే కుర్రాళ్లకి హేవ్‌లాక్. అమ్మానాన్నలతో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లయితే నేను నీల్‌కే ఓటేస్తాను. ఏ దీవికైనా మే నుంచి వానాకాలం అయ్యేదాకా వద్దు, సముద్రం బాగోకపోతే పడవలు ఆపేస్తారు.