పోలీసులు పిలిచినప్పుడు ఒంటరిగానా, పెద్దమనిషితోనా, లాయరుతోనా: ఏది మేలు?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పోలీసు పిలుపు సాధారణంగా కాగితం రూపంలో రాదు. ఫోను మోగుతుంది, అవతలి కానిస్టేబులు ‘ఎస్సై సారు ఒకసారి రమ్మంటున్నారు, ఊరికే మాట్లాడి పోదురు రాండి’ అంటాడు. ఫోను పెట్టేసిన క్షణం నుంచి ఇంట్లో చర్చ మొదలవుతుంది. తప్పు చేయనివాడికి భయమెందుకు, ఒక్కడివే పోయి ఉన్నది చెప్పి రా అని తండ్రి అంటాడు. వార్డులో పలుకుబడి ఉన్న ఫలానా అన్నను వెంటబెట్టుకొని పొమ్మని బావమరిది అంటాడు. లాయరుకు ఒక మాట చెప్పి వెళ్లమని భార్య అంటే, లాయరును తీసుకుపోతే మనమే ఏదో చేశామనుకోరా అని మిగతావాళ్లు ఆమె మాట సాగనివ్వరు.

నేను తిరుపతి కోర్టుల్లో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని కాబట్టి, త్రాసు ఎటు మొగ్గుతుందో ముందే తెలిసిపోయిందని పాఠకులు అనుకోవచ్చు. ఆ అనుమానం సబబైనదే. అయినా ప్రతి పిలుపుకూ లాయరు పక్కన ఉండి తీరాలని నేను అనను. కొన్నిసార్లు నల్లకోటు కనిపించడమే చిన్న విషయాన్ని పెద్దది చేస్తుంది. ముందుగా తేల్చుకోవలసింది పోలీసుల కాగితాల్లో మన పేరు ఏ వరుసలో ఉందన్నది: ఫిర్యాదుదారుగానా, సాక్షిగానా, అనుమానితుడిగానా, ముద్దాయిగానా. చిక్కేమిటంటే పిలిచేటప్పుడు ఆ వరుస చెప్పరు, ఒక్కోసారి వాళ్లకే తెలియదు. సాక్షిగా లోపలికి వెళ్లిన మనిషి అనుమానితుడిగా బయటికి రావడానికి అరగంట చాలు.

బస్టాండు దగ్గరి ఒక లాడ్జి మేనేజరు విషయంలో జరిగింది అదే. ఆయన గది ఇచ్చిన ఇద్దరు యువకులు ఒక దొంగతనం కేసులో దొరికారు. రిజిస్టరు తీసుకొని రమ్మని స్టేషను నుంచి ఫోను వస్తే ఆయన ఒంటరిగానే వెళ్లాడు. రిజిస్టరులో పేర్లు ఉన్నాయి, ఆధార్ జిరాక్సు మాత్రం లేదు. ఎందుకు తీసుకోలేదని అడిగితే ‘మనోళ్లే కదా సార్ అని రూము ఇచ్చినా’ అన్నాడు. దేశం నలుమూలల నుంచి యాత్రికులు వచ్చే ఈ ఊళ్లో, తమిళం, కన్నడం, హిందీ వినీ వినీ అలసిపోయిన కౌంటరు దగ్గరికి మన యాస మాట్లాడే కుర్రాళ్లు ఇద్దరు వస్తే ‘మనోళ్లు’ అనిపించడం సహజం. వాళ్లు మన జిల్లావాళ్లని చెప్పడమే ఆయన ఉద్దేశం. స్టేషను రైటరు దాన్ని ‘సదరు వ్యక్తులు నా మనుషులైనందున గుర్తింపు కార్డు తీసుకొనకుండా గది ఇచ్చితిని’ అని రాశాడు. రైటరు కుట్ర పన్నాడని నేను అనుకోను. రోజంతా వాంగ్మూలాలు రాసే చేతికి అది మరో వాక్యం, అంతే. కళ్లజోడు లాడ్జిలో మరిచిపోయి వచ్చిన మేనేజరు, కింద సంతకం పెట్టమంటే చదవకుండానే పెట్టాడు. మూడు వారాలకు ఆయన పేరుతోనే నోటీసు వచ్చింది.

2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలవుతోంది. దాని 179వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు అధికారి సాక్షిని రప్పించాలంటే రాతపూర్వకంగా ఆదేశించాలి; ఆ సాక్షి ఆ స్టేషను పరిధిలోనో, దాన్ని ఆనుకొని ఉన్న స్టేషను పరిధిలోనో ఉండాలి. 180వ సెక్షన్ ప్రకారం సాక్షి అడిగినవాటికి నిజం చెప్పాలి, అయితే తనను నేరంలోకి లాగే ప్రశ్నలకు జవాబు చెప్పనక్కరలేదు. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం కింద, చెప్పిన మనిషి సంతకం తీసుకోకూడదని 181వ సెక్షన్ అంటుంది. అంటే మా మేనేజరు పెట్టింది చట్టం అడగని సంతకం. పోలీసులతో తగాదా పడకుండానే ‘సార్, ఒకసారి చదివి వినిపించండి’ అని ఆయన అడిగి ఉండవచ్చు. ఆ ఒక్క మాట ముందుగా చెప్పేవాళ్లు ఆయనకు లేకపోయారు.

అందుకే కేవలం సాక్షిగా వెళ్లేవారికి, లాయరును వెంట తీసుకుపోవడం కన్నా వెళ్లే ముందు లాయరుతో అరగంట మాట్లాడటం మేలని నా అభిప్రాయం. ఏ కేసులో పిలిచారో కనుక్కోవడం, అడిగినంత వరకే చెప్పడం, తెలియనిదాన్ని ఊహించి చెప్పకపోవడం, ఏ కాగితమైనా చదివించుకోవడం, ఇవి ముందే నేర్చుకొని వెళ్లగల విషయాలు. సాక్షి పక్కన లాయరు కూర్చుంటే ఎస్సై ముందు అడిగే ప్రశ్న ‘నీకు లాయరెందుకు?’ అన్నదే. ఆ ప్రశ్న అన్యాయమైనదే కావచ్చు గానీ అడుగుతారన్నది నిజం.

ఫోన్లలో తిరిగే అమెరికా వీడియోలు చూసి, లాయరు వచ్చేదాకా నోరు విప్పనని భీష్మించే యువకులను ఈమధ్య చూస్తున్నాను. అమెరికా సుప్రీంకోర్టు 1966లో ఇచ్చిన మిరాండా తీర్పు వల్ల అక్కడ కస్టడీలో ఉన్న మనిషి లాయరు కావాలంటే ప్రశ్నలు ఆపాలి. మన చట్టంలో అలాంటి ఆపుదల లేదు. ఇక్కడ సాక్షి ఆ మాట అంటే హక్కు వాడుకున్నట్టు కాదు, చెప్పవలసినది చెప్పనని మొండికేసినట్టు అవుతుంది.

ఇక పెద్దమనిషిని తీసుకుపోవడం. మన వైపు అందరూ ముందు తొక్కే దారి ఇదే కాబట్టి దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. స్టేషనులో కుర్చీ వేస్తారు, దురుసుగా మాట్లాడరు, చేయి చేసుకునే అవకాశం తగ్గుతుంది. ఒంటరిగా వెళ్లే పేదవాడికి ఇవి చిన్న విషయాలు కావు. అయితే ఆయన రాజీ కుదర్చడానికి వస్తాడు, వాంగ్మూలం చదవడానికి కాదు. ఎస్సై ఎదుటే ‘మావాడు ఏదో తెలియక చేసినాడు సార్, ఈసారికి వదిలేయండి’ అంటాడు. మీరు ఒప్పుకోని తప్పును మీ తరఫున ఆయన ఒప్పుకున్నట్టే. పైగా లాయరుకు చెప్పిన మాట గోప్యంగా ఉండాలని చట్టమే కాపాడుతుంది, పెద్దమనిషికి చెప్పిన మాటకు ఆ కాపుదల లేదు. రేపు ఆయననే సాక్షిగా పిలిస్తే చెప్పవలసిందే.

నోటీసు వచ్చాక లెక్క మారుతుంది. సంహిత 35వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ కింద వచ్చే నోటీసునే మనవాళ్లు ఇప్పటికీ పాత అలవాటు కొద్దీ, పాత కోడ్‌లోని సెక్షన్ నంబరుతో ‘నలభై ఒకటి ఏ’ అంటారు. అది వచ్చిందంటే మీ మీద ఫిర్యాదో, సమాచారమో, అనుమానమో ఉందని అర్థం. దానికి హాజరవుతున్నంత కాలం, కారణాలు రాతలో నమోదు చేయకుండా అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే అదే అరెస్టుకు దారి అవుతుంది. కాబట్టి ఎగ్గొట్టడం అన్న దారి లేదు, ఒంటరిగా వెళ్లడం తెలివైన పని కాదు. ఇక్కడ లాయరుతో వెళ్లడమే మేలని గట్టిగా చెబుతాను. ఆయనను ప్రశ్నల గదిలోకి రానివ్వకపోవచ్చు; ప్రశ్నించేటప్పుడు లాయరు కనుచూపు మేరలో, మాట వినపడని దూరంలో ఉండవచ్చని కోర్టులు కొన్ని కేసుల్లో అనుమతించాయి. అద్దం తలుపు అవతల బల్ల మీద తెలిసిన మనిషి కూర్చొని ఉంటే లోపలి గొంతులు తగ్గుతాయి. ఏళ్ల తరబడి నేను కూర్చున్న బల్లలే దానికి సాక్ష్యం.

అరెస్టయిన తర్వాత తూచడానికి పెద్దగా ఏమీ మిగలదు. రాజ్యాంగం 22వ అధికరణ ఇష్టమైన న్యాయవాదిని సంప్రదించే హక్కు ఇస్తుంది, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలంటుంది. సంహిత 38వ సెక్షన్ విచారణ సమయంలో లాయరును కలవవచ్చంటుంది, కానీ విచారణ సాగినంతసేపూ కాదని షరతు పెడుతుంది. ఆ షరతు నాకు నచ్చదు, అయినా ఉన్న చట్టం అదే. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కరలేని హక్కు 20వ అధికరణ మూడో క్లాజులో ఉంది. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందిని శతపథి పోలీసుల ప్రశ్నలకు జవాబు చెప్పడానికి నిరాకరించిన కేసులో, ఆ హక్కు కోర్టు బోనులోనే కాక పోలీసు విచారణలోనూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1978లో చెప్పింది.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు కదా, చెప్పేస్తే పోయేదేముంది అనే మాట టీకొట్ల దగ్గర తరచు వినబడుతుంది. అది సగం నిజం, ఆ సగమే ప్రమాదకరం. పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ముందు చేసిన నేరం ఒప్పుకోలును రుజువుగా వాడరాదు. కానీ కస్టడీలో ఉన్న ముద్దాయి ‘గొలుసు రేణిగుంట రోడ్డులో ఆ గోదాము వెనక పూడ్చినా’ అని చెప్పి, అక్కడ తవ్వితే గొలుసు దొరికితే, దొరికిన వస్తువుకు సంబంధించిన ఆ మాట వరకు కోర్టులో నిలబడుతుంది. వస్తువు దొరకడాన్ని చూసే సాక్షులుగా మధ్యవర్తులను పిలిపించి నామా (పంచనామా) రాయించేది అందుకే. ఏ వాక్యం చెల్లదో, ఏ వాక్యం చెల్లుతుందో స్టేషను నేల మీద కూర్చున్న మనిషి విడదీసుకోలేడు. పేదవాళ్లు ఫీజుకు భయపడి ఊరుకోనక్కరలేదు: 1987 నాటి న్యాయసేవల చట్టం కింద కస్టడీలో ఉన్నవారికీ, స్త్రీలకూ, షెడ్యూల్డు కులాల, తెగల వారికీ ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చూపిస్తారు.

ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లేవారికి లాయరు అవసరం చాలా తక్కువ. ఫిర్యాదు ఇంటి దగ్గరే నెమ్మదిగా రాసుకొని వెళ్తే చాలు, ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇస్తారు. స్త్రీలనూ, అరవై దాటినవారినీ, పదిహేనేళ్లలోపు మగపిల్లలనూ, వికలాంగులనూ, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారినీ సాక్షులుగా స్టేషనుకు రమ్మని బలవంతం చేయరాదు. వాళ్లుండే చోటికే పోలీసులు రావాలి. ఈ ఒక్క సంగతి తెలియక ఎందరో ముసలివాళ్లు స్టేషను మెట్లు ఎక్కుతున్నారు.

నోటీసు రోజున మా మేనేజరుతో నేను వెళ్లాను. బయలుదేరే ముందు ఆయనతో చెప్పిన మొదటి మాట, కళ్లజోడు జేబులో పెట్టుకొమ్మని. నేను బయట బల్ల మీద కూర్చున్నాను, తలుపు తెరిచే ఉంది. పాత ప్రశ్నే మళ్లీ అడిగారు. వాళ్లెవరో తనకు తెలియదని, మాటను బట్టి మన జిల్లావాళ్లనుకున్నానని, ఆధార్ అడగకపోవడం తన పొరపాటేనని ఆయన చెప్పాడు. రైటరు రాసిన కాగితం అడిగి తీసుకొని, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివి, ‘పరిచయస్తులు’ అన్న మాట దగ్గర ఆగి, అది తాను అనలేదన్నాడు. రైటరు ఎస్సై వైపు చూశాడు. ఎస్సై తల ఊపాడు. ఆ మాట కొట్టేసి పైన ‘మన జిల్లావారని అనుకొని’ అని రాశారు. ఈసారి సంతకం అడగలేదు.