ఎమ్మెస్ జాతీయ నమోదు: బిల్లులు, క్లినిక్కులు, రోగులు – ఏది మేలు?

మెడ సిరల్లోని ఇరుకు, మెదడునూ వెన్నుపామునూ దెబ్బతీసే జబ్బైన మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎమ్మెస్)‌కు కారణం కావచ్చని 2009లో ఇటలీ వైద్యుడు పావొలో జాంబోని ప్రతిపాదించారు. ఆ ఆశతో ఎందరో కెనడా రోగులు సిరలను వెడల్పు చేయించుకోవడానికి విదేశాలకు వెళ్లారు. కొందరు మన దేశానికే వచ్చారు. తిరిగి వెళ్లాక వారి స్థితి ఏమైందో చూపే జాతీయ రికార్డు అప్పట్లో కెనడాలో లేదు. ఆ ఒత్తిడి నడుమే 2011లో ఎమ్మెస్‌కు జాతీయ పర్యవేక్షణ వ్యవస్థను, అంటే రోగుల వివరాల నమోదును, అక్కడ ప్రకటించారు. అలాంటిదాన్ని దేనిమీద కట్టాలి?

అన్నిటికన్నా చౌక, వైద్య బిల్లుల నుంచి రోగులను ఏరడం. అమెరికాలో సుమారు 4 లక్షలనుకున్న ఎమ్మెస్ రోగులు 10 లక్షలకు దగ్గరగా ఉన్నారని 2019లో బయటపడింది బీమా క్లెయిముల ఆధారంగానే. అయితే నిన్నటిదాకా ఊతం లేకుండా నడిచిన మనిషి ఇవాళ చేతికర్ర పట్టుకున్న సంగతి బిల్లులో ఉండదు. ఈ జబ్బులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం అదే.

అది న్యూరాలజిస్టు దగ్గర దొరుకుతుంది. డెన్మార్క్ 1956 నుంచి, ఆ తర్వాత స్వీడన్, నమోదును వైద్యుల చేతుల మీదుగానే నడిపిస్తున్నాయి. అశక్తతను 0 నుంచి 10 వరకు కొలుస్తారు. 6 అంటే వంద మీటర్లు నడవడానికి చేతికర్ర కావాలి. ఏ మందు మీద ఉన్న మనిషి ఎన్నేళ్లకు ఆ 6కు చేరాడో ఇక్కడ తెలుస్తుంది. డెన్మార్క్‌లో 1968 నుంచి ప్రతి పౌరుడికీ తనదైన గుర్తింపు సంఖ్య ఉంది కనుక ఆస్పత్రి, మరణ రికార్డులతోనూ కలిపి చూడవచ్చు. ఇబ్బంది ఒకటే: రోగులు బారులు తీరిన రోజున వైద్యుడికి ఇవన్నీ నింపే తీరిక ఉండదు.

బ్రిటన్‌లో 2011లో స్వాన్సీ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన రిజిస్టరులో రోగులే ఇంటర్నెట్‌లో తమ వివరాలు రాస్తారు. అలసట, నొప్పి, దిగులు వైద్యుడికి పది నిమిషాల్లో కనిపించవు, ఇక్కడ కనిపిస్తాయి. కానీ చూపు మందగించినవారు, చేతులు సహకరించనివారు తప్పిపోయే ప్రమాదం ఎక్కువ.

నా ఓటు క్లినిక్కుకే. రోగి మాట దానికి తోడవ్వాలి. ఎవరు తప్పిపోయారో వెతకడానికి బిల్లులు చాలు. డబ్బు తక్కువైతే సాఫ్ట్‌వేర్ హంగులు తగ్గించి, ప్రతి క్లినిక్కులో వివరాలు నింపే నర్సుకు ముందు జీతం ఇవ్వాలి. సిరల చికిత్సతో ప్రయోజనం లేదని కెనడా పరీక్షల్లో తేలేసరికి 2017 వచ్చింది. విమానం ఎక్కకముందు, దిగాక ఆ రోగుల నడకను కొలిచి ఒకచోట రాసి ఉంటే, తర్వాత బయలుదేరినవారికి చూపించడానికి ఏదో ఒకటి ఉండేది.