నలభై దాటాక వీపుకు పర్సు: అరిగేదాకా వాడి చెబుతున్న మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. బ్యాక్‌ప్యాక్ లాంటి పర్సు పెద్ద వయసు ఆడవాళ్ళకు నప్పుతుందా అంటే, నప్పుతుంది. రోజూ బస్సులోనో మెట్రోలోనో తిరిగేవాళ్ళకైతే హ్యాండ్‌బ్యాగు కన్నా ఇదే మేలు. కాకపోతే లేడీస్ బ్యాక్‌ప్యాక్ అని షాపుల్లో వేలాడదీసేవి చాలామటుకు చూడ్డానికి చేసినవే, మోయడానికి కాదు. అందుకని వయసు గురించి తర్వాత ఆలోచించుకోవచ్చు, ముందు పట్టీలు చూసుకోవాలి.

నేను ఉండేది హైదరాబాద్ చైతన్యపురిలో, ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర. పొద్దున మెట్రో, సాయంత్రం ఎక్కువగా బస్సు. బ్యాగులో టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, గొడుగు, కళ్ళజోడు, మాత్రలు, చార్జరు, తాళాలు, ఆధార్ కార్డు, వచ్చేటప్పుడు దారిలో కొన్న కూరగాయల్లో పట్టినన్ని. ఇదంతా ఏళ్ళ తరబడి ఒక్క భుజానికే వేలాడదీశాను. పట్టీ జారిపోకుండా ఆ భుజాన్ని మనకు తెలియకుండానే పైకెత్తి పట్టుకుంటాం. మెడ దగ్గర పట్టేసినట్టుండేది అందుకే. బ్యాగు మార్చాక మెడ నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పని మరి. కానీ ఇంటికి రాగానే ఎడమ భుజం పిసుక్కుంటూ కూర్చోవడం మాత్రం తప్పింది.

ఇప్పటిదాకా రెండు వాడాను, ఒకటి రెగ్జిన్‌ది, ఒకటి నైలాన్‌ది.

రెగ్జిన్‌ది చూడ్డానికి భలే ఉండేది. ముదురు గోధుమ రంగు, ముందు బంగారు రంగు బకిల్, పైన తాడు లాగి ముడేసి మూత వేసే పద్ధతి. ఆ బకిల్ ఉత్త అలంకారమే, లోపల అయస్కాంతం. పట్టీలు మాత్రం వేలెడు వెడల్పు కూడా లేవు. రెండు భుజాలకూ వేసుకుంటే బరువు పంచుకుంటుంది కాబట్టి నొప్పి ఉండదంటారు, అది సగమే నిజం. సన్న పట్టీకి నిండు సీసా, డబ్బా తోడైతే రెండు భుజాలూ కోసుకుపోతాయి. కనీసం రెండు వేళ్ళ వెడల్పు, లోపల కాస్త మెత్త ఉంటేనే మోయగలం. ఆడవాళ్ళ బ్యాగు అనగానే పట్టీ ఎందుకు సన్నబడాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా బరువులేమైనా తక్కువా?

పైగా రెగ్జిన్‌కు ఇంకో జబ్బుంది. దీనిలో ఎక్కువగా వాడే పాలీయురితేన్ పొరను గాలిలోని తేమే మెల్లమెల్లగా విడగొడుతుంది. వాడినా అంతే, బీరువాలో దాచినా అంతే. నాదానికి పట్టీ వంగే చోట ముందు చిన్న పగులు వచ్చింది. రెండో వానాకాలం వెళ్ళేసరికి పొట్టు రాలడం మొదలైంది, కుర్తా భుజాల మీద గోధుమ రంగు పెచ్చులు. దానికి రిపేరు ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద బ్యాగులు కుట్టే ఆయనకు చూపిస్తే, "కుట్టు ఊడితే కుడతానమ్మా, తోలు ఊడితే ఏం జేస్త" అన్నాడు. అసలు తోలు బ్యాగైతే ఏళ్ళ తరబడి నిలుస్తుంది కానీ ఖాళీగా ఉన్నప్పుడే బరువు, వానలో తడిస్తే దానికి సేవలు చేయాలి. రోజువారీకి నేనైతే కొనను.

నైలాన్‌ది ఇంకా నా దగ్గరే ఉంది. నలుపు, అలంకారాలేమీ లేవు, పక్కన సీసా పెట్టుకునే అర, పైన చేత్తో పట్టుకునే పిడి. జిప్పు రన్నర్ ఒకసారి పోతే పైన చెప్పిన ఆయనే మార్చి ఇచ్చాడు, కొత్త బ్యాగు ధరతో పోలిస్తే అదొక ఖర్చే కాదు. వానకు పైన తడుస్తుంది, లోపలికి త్వరగా దిగదు. గట్టి వానలో మాత్రం జిప్పు కుట్టు వెంబడి నీళ్ళు దిగుతాయి, ఫోను ప్లాస్టిక్ కవరులో వేసుకోవాల్సిందే.

అసలు చిక్కు బస్సులో. 2023 డిసెంబరు 9 నుంచి మన ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం కదా. కానీ తెలంగాణ చిరునామా ఉన్న కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. సాయంత్రం ఆరున్నరకు, ఒక చేత్తో పైన రాడ్డు పట్టుకుని, కార్డు వీపున ఉంటే ఎలా తీస్తాం? నా బ్యాగు జిప్పు వీపు వైపు ఉంటుంది, దొంగలకు అందకూడదని. దొంగలకే కాదు, నాకూ అందదు. కండక్టరమ్మ ఒకరోజు, "అక్కా, కార్డు ముందల్నే చేతిల పట్టుకోరాదే" అని నవ్వింది. అప్పటినుంచి ఆధార్ ఫోను కవరు వెనక పెట్టుకుంటున్నాను. కుర్తాలకు జేబులు కుట్టించుకోవడం ఇంకా మంచిది, దర్జీకి చెబితే పక్క కుట్టులో పెట్టేస్తాడు. రెడీమేడ్ కుర్తాలకు జేబు పెట్టడం కంపెనీలకు ఎందుకో బరువు.

అదే సుల్తాన్ బజార్‌కో లాడ్ బజార్‌కో వెళ్ళినప్పుడు ఆ వెనక జిప్పే వరం. రెండు చేతులూ ఖాళీ, బేరమాడుతూ బట్ట పట్టి చూసుకోవచ్చు, బ్యాగు మీద ఒక కన్నేసి ఉంచాలన్న టెన్షన్ లేదు. జిప్పు బయటి వైపు ఉండే రకం తీసుకుంటే మాత్రం జనంలో దాన్ని ముందుకు తిప్పుకోక తప్పదు.

మెట్రోలో ఎలాగూ తిప్పుకోవాలి. స్టేషన్లో స్కానర్ బెల్టు మీద పెట్టి తీసుకున్నాక మళ్ళీ వీపుకు వేసుకోకుండా అలాగే పొట్ట మీద తగిలించుకుంటాను. పొద్దున ఆడవాళ్ళ పెట్టెలో వీపున బ్యాగుతో ఇటు తిరిగితే అటున్నావిడ మొహానికి తగులుతుంది. చాలామంది ఇది పట్టించుకోరు, కాలేజీ పిల్లలైతే మరీను.

చీర కట్టిన రోజు సంగతి వేరు. ఎడమ భుజాన పిన్ను పెట్టిన కుచ్చిళ్ళ మీద పట్టీ పడితే నలిగిపోతాయి, బ్యాగు తీసేటప్పుడు పిన్ను గుడ్డను లాగుతుంది. పట్టు మీద పట్టీ నిలవదు, సిల్కు కాటన్ మీద కాస్త నయం. చున్నీ అయినా అంతే, పట్టీ కింద ఇరుక్కుని బ్యాగుతోపాటు ఊడి వస్తుంది. బ్యాగు వేసుకున్నాక చున్నీ వేసుకుంటే ఆ బాధ లేదు. పొడుగు జడ ఉన్నవాళ్ళు జడను ముందుకు వేసుకోవాలి, పూలు పెట్టుకుంటే చెప్పనక్కర్లేదు. అందుకే ఒక భుజానికీ మార్చుకోగల రకం చూసుకోండి. అందులో రెండు పద్ధతులున్నాయి. పట్టీ మధ్యలో జిప్పు ఉండి, విప్పితే రెండు పట్టీలయ్యేది ఒకటి. బరువంతా జిప్పు మీదే పడి త్వరగా పళ్ళు వదిలేస్తుంది, వద్దు. పైన ఉంగరంలోంచి పట్టీ జారి, లాగితే ఒకటి, వదిలితే రెండు అయ్యేది ఎక్కువకాలం నిలుస్తుంది.

ఎండాకాలం గురించి అబద్ధం చెప్పను. మే నెలలో బస్టాప్ దాకా నడిచేసరికి వీపంతా చెమట, లేత రంగు కుర్తా అయితే బ్యాగు ఆకారంలో మరక. ఆ నెల ఒక భుజానికే వేసుకుంటాను, సీసా విడిగా చేత్తో పట్టుకుంటాను. దీనికి ఇంతకన్నా మార్గం దొరకలేదు.

ఇక జనం మాటలు. మొదట్లో పక్క ఫ్లాట్ వదిన, "ఏంటి, మళ్ళీ కాలేజీలో చేరారా?" అంది. మా అత్తయ్య ఏమీ అనలేదు గానీ బ్యాగు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. ఫ్యాషన్ ఇళ్ళ వాళ్ళకు లేని ఇబ్బంది మనకెందుకు? ఇటలీ కంపెనీ ప్రాడా నైలాన్ బ్యాక్‌ప్యాక్ తెచ్చింది 1984లోనే, అది కొన్నది స్కూలు పిల్లలు కాదు. నా మటుకు నాకు వయసుకు తగని బ్యాగంటే కుందేలు చెవులూ, మెరుపులూ, రంగుల కుచ్చులూ వేలాడేదే. నల్లగానో ముదురు నీలంగానో సాదాగా ఉండి, నడుము దాకా జారకుండా వీపు మధ్యలో నిలిస్తే ఎవరికైనా హుందాగానే ఉంటుంది. ఆ వదినే మొన్న దసరా సేల్‌లో ఒకటి కొనుక్కుంది, మెరూన్ రంగుది.

ఆఫీసు కాగితాలు మోసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు, ఈ పర్సు రకాలు చాలావాటికి లోపల అంత ఎత్తుండదు. నాదాంట్లో ఫైలు పట్టదు, మడిచిన కాగితాలే. లాప్‌టాప్ ఉన్నవాళ్ళు దీని జోలికి రాకుండా ఆఫీసు బ్యాక్‌ప్యాకే తీసుకోవాలి. పెళ్ళిళ్ళకు నేను దీన్ని తీసుకెళ్ళను, అక్కడ చిన్న క్లచ్చు చాలు.

లావీ, కాప్రీస్, బ్యాగిట్ లాంటి కంపెనీలన్నీ ఇవి చేస్తున్నాయి, అబిడ్స్, కోఠీ వైపు పేరు లేనివీ బోలెడు దొరుకుతాయి. ఎక్కడ కొన్నా ఆకారం నిలవడానికి లోపల కుక్కిన కాగితాలు తీయించేసి, మీ డబ్బా, మీ సీసా అందులో పెట్టి, షాపులోనే అటూ ఇటూ ఓ పది నిమిషాలు నడిచి చూడండి. సేల్స్ అమ్మాయిలు ఏమీ అనుకోరు.