పదకొండేళ్ళు తొక్కాక నా సైకిలు గురించి

నాది గేర్లు లేని, నిటారుగా కూర్చుని తొక్కే మామూలు సైకిలు. పదకొండేళ్ళుగా రోజూ తొక్కుతున్నాను. కాళ్ళలో ఉన్న కాస్త సత్తువతో ఇంత దూరం తీసుకెళ్ళే వస్తువును నేను మరొకటి వాడలేదు.

నడిచేటప్పుడు అడుగడుగునా ఒళ్ళంతా కొంచెం పైకి లేచి దిగుతుంది. ఆ ఎత్తడం దించడంలోనే బోలెడు శక్తి పోతుంది. సైకిలు మీద ఆ బరువును సీటు మోస్తుంది, కాళ్ళకు తిప్పడమే పని. అందుకే చదునైన దారిలో కిలోమీటరుకు నడకకు పట్టే శక్తిలో దాదాపు ఐదో వంతు చాలు. మోకాలి నొప్పితో అర కిలోమీటరు కూడా నడవలేని రోజుల్లో దీని మీద ఆరు కిలోమీటర్లు వెళ్ళొచ్చాను. ఆ లెక్క నిజమేనని అప్పుడు నమ్మకం కుదిరింది.

అయితే చైను బాగుండాలి. శుభ్రంగా, నూనె తడితో ఉంటే పెడల్ మీద పెట్టిన శక్తిలో 95 శాతానికి పైగా వెనక చక్రానికి చేరుతుంది. చైను సాగిందంటాం గానీ ఇనుము సాగదు, లింకుల్లోని పిన్నులు అరిగి సందు పెరుగుతుంది. 24 లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు, అంటే 304.8 మిల్లీమీటర్లు రావాలి. మూడో ఏట నా చైను 308 దాటినా పట్టించుకోలేదు. వెనక చక్రం దగ్గర చైను తిప్పే పళ్ళ బిళ్ళ, అంటే ఫ్రీవీల్, దాని పళ్ళు కొడవలి కొసల్లా ఒక పక్కకు అరిగిపోయాయి. తర్వాత కొత్త చైను వేసినా పళ్ళ మీద నిలవక జారిపోయేది. రెండూ మార్చక తప్పలేదు. ఇప్పుడు రెండు నెలలకోసారి స్కేలు పెట్టి కొలుస్తున్నాను. గాలి మాత్రం వారం వారం కొట్టాల్సిందే.

ఎదురుగాలి వీస్తే ఈ సైకిలు నిజంగా కష్టపెడుతుంది. నిటారుగా కూర్చుంటాం కాబట్టి గాలి ఛాతీకి తగులుతుంది. పైగా గాలి మనకు తగిలే వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. అప్పుడు నెమ్మదిగా తొక్కడమే మార్గం. ఇసుకలో, మెట్ల దగ్గర దిగి తోసుకెళ్ళాలి. కాలు ఎంత గొప్పదో అక్కడ తెలుస్తుంది. మేకకు అడుగు ఆనేంత గట్టి చోటు అక్కడక్కడా దొరికితే చాలు, గుట్ట ఎక్కేస్తుంది. చక్రానికి ఎక్కడా తెగని దారి కావాలి.

ఫ్రేము, హ్యాండిల్ ఇప్పటికీ మొదటివే. పోయిన నెల పెడల్ ఇరుసులోని ఉక్కు గోళీలు మార్పించాను. కుడికాలు నొక్కినప్పుడల్లా వచ్చే టకటక మోత పోయింది.